తలకిందుల బ్యూరెట్, ఉక్కపోత, 22.4 లీటర్లు

బ్యూరెట్ అంటే పొడవునా మిల్లీలీటర్ల గీతలు, అడుగున కుళాయి ఉన్న గాజు గొట్టం. దాన్ని తలకిందులు చేస్తే 50 అంకె పైకొస్తుంది. ఆ గీతకీ కుళాయికీ మధ్య అంకెలేమీ లేని గొట్టం నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మెగ్నీషియం నుంచి వచ్చే హైడ్రోజన్ ముందు చేరేది అక్కడికే. ఆ చోటు మరిచిపోయినవాళ్లకు మోలార్ ఘనపరిమాణం, అంటే ఒక మోల్ వాయువు పట్టే చోటు, 22.4కి బదులు 20 లీటర్ల దగ్గర తేలుతుంది. అప్పుడు వాళ్లు ముందు ఆమ్లాన్ని అనుమానిస్తారు, తర్వాత త్రాసును, చివరికి ఏ వాయువుకైనా ఈ అంకె ఒకటేనన్న నియమానికి మూలమైన అవగాడ్రోను. నేను చూసినంతలో వాయు నియమాల లెక్కల్లో తప్పులు చాలామటుకు ఇలాంటివే. సూత్రం ఎవరైనా సరిగానే రాస్తారు. అందులో వేసే అంకె ఎక్కడ కొలిచిందో, దేని ఉష్ణోగ్రతో, దేని పీడనమో మాత్రం అడగరు.

మెగ్నీషియాన్ని ఆమ్లంలో కరిగించి, వచ్చే హైడ్రోజన్‌ను కొలిచి, ఒక మోల్ వాయువు ఎన్ని లీటర్లో తేల్చే ప్రయోగం ఇది. జులైలో, భీమవరం వైపు ఒక ఇంటర్ కాలేజీ ల్యాబులో దీన్ని నేను ఎలా చేస్తానో, ఏ అంకె ఎక్కణ్నుంచి వస్తుందో రాస్తున్నాను. మొదటి సంవత్సరం వాయువుల పాఠం చదివినవాళ్లకు ఇందులో కొత్త సూత్రం ఒక్కటీ ఉండదు.

ముందు మెగ్నీషియం రిబ్బను సంగతి. మనకు కావలసింది 35 మిల్లీగ్రాముల చిల్లర. మామూలు ల్యాబు త్రాసు 0.01 గ్రాము వరకే చూపిస్తుంది కాబట్టి చిన్న ముక్కను దానిమీద పెడితే 0.03 అంటుంది, ఇంకోసారి 0.04 అంటుంది. ఆ అంకెతో లెక్క చేస్తే జవాబు ఎటైనా పోవచ్చు. అందుకని మీటరు రిబ్బను కత్తిరించి, మొత్తం తూచి, పొడవుతో భాగిస్తాను. నా దగ్గరున్న చుట్టలో మీటరు 0.89 గ్రాములు తూగింది. అంటే సెంటీమీటరుకు 8.9 మిల్లీగ్రాములు, నాలుగు సెంటీమీటర్లకు 35.6. దీంట్లోనూ అర శాతం పైన అనుమానం మిగులుతుంది గానీ ముక్కను తూచడం కంటే ఎన్నో రెట్లు నయం. చుట్ట మారితే మందం మారుతుంది, మళ్లీ తూచాల్సిందే. తూచేటప్పుడు ఫ్యాను కట్టెయ్యాలి. ఉక్క భరించాలి, తప్పదు.

తూకానికి ముందే రిబ్బనును గరుకు కాగితంతో రెండువైపులా తళతళలాడేదాకా రుద్దాలి. మన సముద్రపు గాలికి, తేమకు మెగ్నీషియం మీద బూడిదరంగు పొర తొందరగానే పడుతుంది. ఆ పొర ఆమ్లంలో కరుగుతుంది గానీ హైడ్రోజన్‌ను ఇవ్వదు. ఆక్సైడు ఆమ్లంతో కలిస్తే లవణం, నీళ్లు వస్తాయంతే. తూకంలో ఉండి వాయువులో లేని బరువన్నమాట. రుద్దకుండా తూచి, తర్వాత రుద్దినా తప్పే. రుద్దిన తర్వాతే తూకం.

ఆమ్లం విషయంలో ఇంత పట్టింపు అక్కర్లేదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 మిల్లీలీటర్లు తీసుకుని 75 మిల్లీలీటర్ల నీళ్లలో కొంచెం కొంచెంగా పోస్తే దాదాపు 3 మోలార్ ద్రావణం వస్తుంది. నీళ్లలోకే ఆమ్లం, ఆమ్లంలోకి నీళ్లు కాదు. ఇందులో 10 మిల్లీలీటర్లలో 0.03 మోల్ ఆమ్లం ఉంటుంది. మన రిబ్బనుకు కావలసింది అందులో పదోవంతు. అంత మిగులు ఉన్నప్పుడు గాఢత 2.8 అయినా 3.2 అయినా జవాబు మారదు.

ఇక ఆ గీతల్లేని చోటు. దీన్ని కొలవడానికి పెద్ద హంగామా ఏమీ లేదు. పొడి బ్యూరెట్‌ను నిలువుగా బిగించి, కుళాయి మూసి, పిపెట్‌తో సరిగ్గా 10 మిల్లీలీటర్ల నీళ్లు పొయ్యాలి. గోడకు అంటిన చుక్కలు దిగేదాకా ఆగి మట్టం చూడాలి. నా బ్యూరెట్‌లో 43.6 దగ్గర నిలబడింది. అంటే 50 గీత పైన ఉన్నవి 6.4 మిల్లీలీటర్లు, కింద దాక్కున్నవి 3.6. ఈ అంకెను స్కెచ్ పెన్నుతో బ్యూరెట్ మీదే రాసిపెట్టాను. అన్ని బ్యూరెట్లకూ ఒకటే ఉండదు. పక్క బల్ల మీది అంకె తెచ్చి వాడుకోకూడదు.

కుళాయి కారుతుందేమో కూడా ఇప్పుడే చూసుకోవాలి. బ్యూరెట్ నిండా నీళ్లు పోసి, మూతిని వేలితో మూసి, బీకరు నీళ్లలో తలకిందులుగా నిలబెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. పైన చిన్న బుడగ కనిపించి పెరుగుతుంటే గాలి లోపలికి వస్తున్నట్టే. గాజు కుళాయి అయితే విప్పి, తుడిచి, వాజ్‌లైన్ పలచగా రాస్తే సరిపోతుంది. ఎక్కువ రాస్తే రంధ్రం పూడుకుపోతుంది.

బిగించే వరస ఇది. బ్యూరెట్‌లో ముందు 10 మిల్లీలీటర్ల ఆమ్లం పోస్తాను. దానిమీద నీళ్లను గోడవెంట నెమ్మదిగా జారవిడుస్తూ అంచుదాకా నింపుతాను. ఆమ్లం బరువైనది కాబట్టి అడుగునే ఉంటుంది. గబగబా పోస్తే కలిసిపోయి, రిబ్బను పెట్టగానే బుడగలు మొదలై, మూతి మూసేలోపే కొంత హైడ్రోజన్ బయటికి పోతుంది. రిబ్బనును బాల్‌పెన్ రీఫిల్ చుట్టూ తిప్పి సన్నని స్ప్రింగులా చేసి, దానికి రాగి తీగతో చిన్న పంజరంలా అల్లుతాను. రాగి ఈ ఆమ్లంతో చర్య జరపదు, అందుకే రాగి. తీగ చివరను బ్యూరెట్ అంచుమీద కొక్కెంలా వంచితే రిబ్బను మూతికి మూడు సెంటీమీటర్ల లోపల వేలాడుతుంది. పంజరం వదులుగా ఉంటే చివర్లో మిగిలిన చిన్న తునక బుడగలతోపాటు పైకి తేలి, గొట్టం గోడకు అంటుకుని, ఆమ్లానికి అందకుండా అలాగే మెరుస్తూ ఉండిపోతుంది. అది కనిపిస్తే బ్యూరెట్‌ను కొంచెం వంచి ఆమ్లంతో తడపాలి. కనిపించకపోతే జవాబు ఎందుకు తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

చేతికి గ్లవ్ వేసుకుని, మూతిని వేలితో మూసి, ఒక్క గాలి బుడగ కూడా లేకుండా చూసుకుని, బ్యూరెట్‌ను బీకరు నీళ్లలోకి తిప్పాలి. ఇప్పుడు ఆమ్లం పైనుంచి తీగలు తీగలుగా దిగడం కంటికి కనిపిస్తుంది. అరనిమిషంలో రిబ్బనును తాకుతుంది. హైడ్రోజన్ 40 మిల్లీలీటర్లకు మించదు గానీ ఆ బల్ల మీద స్పిరిట్ దీపం మాత్రం వెలిగించకండి.

బుడగలు ఆగాయి కదా అని వెంటనే అంకె రాసుకునేవాళ్లే ఎక్కువ. ఈ చర్యలో వేడి పుడుతుంది. ఆగిన క్షణంలో లోపలి వాయువు బయటి నీళ్లకంటే వేడిగా ఉంటుంది. కనీసం పదిహేను నిమిషాలు ఆగితే మట్టం కొంచెం పైకి జరుగుతుంది. ఆ జరిగిందే, చల్లబడితే వాయువు తగ్గుతుందనే ఛార్లెస్ నియమం. రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చదివి అంకె మారకపోతే చల్లారినట్టు.

తర్వాత మట్టాలు. బీకరులో నిలబెట్టిన బ్యూరెట్ లోపల నీళ్ల మట్టం బయటి మట్టం కంటే 18 సెంటీమీటర్లు ఎత్తున ఉంది. అంటే లోపలి వాయువు మీద గాలి పీడనం మొత్తం లేదు. ఆ నీటి స్తంభం బరువు మేరకు తక్కువ. 180 మిల్లీమీటర్ల నీళ్లను 13.6తో భాగిస్తే 13 మిల్లీమీటర్ల పాదరసం. దాదాపు రెండు శాతం! రెండు దారులున్నాయి. ఆ 13 తీసేసి లెక్క చెయ్యొచ్చు. నేను మాత్రం మూతిని మళ్లీ వేలితో మూసి బ్యూరెట్‌ను ఒక లోతైన బక్కెట్‌లోకి మార్చి, లోపలి మట్టం, బయటి మట్టం ఒకే గీత మీదకు వచ్చేదాకా కిందికి దించి చదువుతాను. అంకె ఒకటి తగ్గితే తప్పు ఒకటి తగ్గినట్టే. గాజు గొట్టాన్ని పిడికిలితో పట్టుకోకూడదు, చేతి వేడికి వాయువు ఉబ్బుతుంది. స్టాండు క్లాంపుతోనే దించాలి.

బక్కెట్ నీళ్ల గురించి ఒక మాట. కుళాయి తిప్పి అప్పుడే పట్టిన నీళ్లు వాడితే, మేడమీద ట్యాంకు ఎండకు కాగి ఉంటుంది కాబట్టి, గదికంటే వేడిగా వస్తాయి. ముందురోజు సాయంత్రం పట్టి గదిలో ఉంచిన నీళ్లే వాడాలి. అప్పుడు నీళ్ల ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత, వాయువు ఉష్ణోగ్రత ఒకటే అనుకోవచ్చు. థర్మామీటరు మాత్రం గోడకున్నది కాదు, బక్కెట్‌లో ముంచినది చదవాలి. నాకు వచ్చింది 31 డిగ్రీలు.

పీడనం విషయంలో డెల్టా వాళ్లకు ఒక సుఖం ఉంది. ఫోన్లో వాతావరణ సమాచారం చూపించే పీడనం సముద్ర మట్టానికి సరిచేసి చెప్పేది. మన ఊళ్లు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాయి కాబట్టి ఆ అంకెను అలాగే వాడుకోవచ్చు. హైదరాబాదులో చదువుకునే మన పిల్లలు అదే పని చేస్తే ఆరు శాతం తప్పు పోతుంది. అక్కడ ఎత్తు 500 మీటర్లు దాటింది. గదిలో నిజంగా ఉండే పీడనం 950 హెక్టోపాస్కళ్ల ప్రాంతం, ఫోన్ చెప్పేది 1000కి పైన. ఇక్కడ కూడా ఏడాది పొడుగునా ఒకటే అంకె ఉండదు. జనవరిలో 1015 దగ్గర, జులైలో 1000కి కాస్త పైన. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఇంకా దిగుతుంది. రోజులో కూడా పొద్దున్న పది గంటల వేళ ఎక్కువ, సాయంత్రం నాలుగు గంటలకు తక్కువ. ఆ తేడా మూడు హెక్టోపాస్కళ్ల దాకా ఉంటుంది. కాబట్టి పొద్దున చూసిన అంకెను మధ్యాహ్నం బ్యాచికి ఇవ్వకూడదు.

ఆరోజు 1003 హెక్టోపాస్కళ్లు. 0.750తో గుణిస్తే 752.3 మిల్లీమీటర్ల పాదరసం. ల్యాబులో ఫోర్టిన్ భారమితి (గాలి పీడనం కొలిచే పాదరసపు గొట్టం) ఉన్నవాళ్లు దాన్నే చదవొచ్చు గానీ 31 డిగ్రీల దగ్గర పాదరసం వ్యాకోచించి ఉంటుంది. ఇత్తడి స్కేలు సాగుడు కూడా కలుపుకుంటే డిగ్రీకి పదిలక్షల్లో 163 వంతుల చొప్పున తియ్యాలి. మొత్తం 3.8 మిల్లీమీటర్లు. ఈ సవరణ తెలియకపోతే భారమితికీ ఫోన్‌కీ ఎందుకు తేడా వస్తుందో అర్థంకాక మంచి భారమితిని పాడైపోయిందని మూలన పెడతారు.

ఇప్పుడు అసలు కీలకం. బ్యూరెట్‌లో ఉన్నది ఒక్క హైడ్రోజన్ కాదు. నీళ్లమీద పట్టిన ఏ వాయువైనా నీటి ఆవిరితో కలిసే ఉంటుంది. డాల్టన్ పాక్షిక పీడనాల నియమం ప్రకారం మొత్తం పీడనంలో ఆవిరి వాటా తీసేస్తేనే హైడ్రోజన్ వాటా తెలుస్తుంది. పట్టికలో 15 డిగ్రీల దగ్గర నీటి బాష్పపీడనం 12.8 మిల్లీమీటర్లు, 25 దగ్గర 23.8, 28 దగ్గర 28.3, 31 దగ్గర 33.7, 34 దగ్గర 39.9, 36 దగ్గర 44.6. చలిదేశాల ల్యాబులో ఈ సవరణ మరిచిపోతే పోయేది ఒకటిన్నర, రెండు శాతం. మన జులైలో నాలుగున్నర. మేలో ఆరుకు దగ్గర.

ఇక్కడే ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. “సార్, ఇవాళ గాలిలో తేమ 88 శాతం అని ఫోన్లో ఉందండి. మరి 33.7లో 88 శాతమే తియ్యాలి కదండీ?” ప్రశ్న మంచిదే, జవాబు మాత్రం కాదు. బయటి గాలి తేమ బయటి గాలిదే. బ్యూరెట్ లోపలి వాయువు నీళ్లనే తాకుతూ మూసిన గొట్టంలో ఉంది. అది ఆవిరితో పూర్తిగా తడిసిపోయి ఉంటుంది. బయట ఉక్క చంపేస్తున్నా, రోహిణికార్తె వడగాలి వీస్తున్నా లోపల మాత్రం నూటికి నూరు. తియ్యాల్సింది 33.7 మొత్తం.

ఇక లెక్క. బక్కెట్‌లో మట్టాలు కలిసినప్పుడు అంకె 15.3. వాయువు ఉన్నది ఆ గీతకు పైన, అంటే 50లోంచి 15.3 పోగా 34.7, దానికి గీతల్లేని 3.6 కలిపితే 38.3 మిల్లీలీటర్లు. తలకిందుల బ్యూరెట్‌లో 15.3నే ఘనపరిమాణం అనుకుని రాసినవాళ్లూ ఉన్నారు. హైడ్రోజన్ పీడనం 752.3 − 33.7 = 718.6 మిల్లీమీటర్లు. పరమ ఉష్ణోగ్రత 304.15 కెల్విన్లు. దీన్ని 0 డిగ్రీలకు, 760 మిల్లీమీటర్లకు మార్చాలి:

38.3 × (718.6 ÷ 760) × (273.15 ÷ 304.15) = 32.52 మిల్లీలీటర్లు.

మెగ్నీషియం 0.0356 గ్రాములను 24.305తో భాగిస్తే 0.001465 మోల్. ఒక మెగ్నీషియం పరమాణువుకు ఒక హైడ్రోజన్ అణువు వస్తుంది కాబట్టి హైడ్రోజన్ కూడా అంతే. 32.52ను దానితో భాగిస్తే మోల్‌కు 22,200 మిల్లీలీటర్లు, అంటే 22.2 లీటర్లు. 22.4కి ఒక శాతం లోపే. మీటరు తూచే త్రాసుతో, బక్కెట్‌తో చేసిన పనికి ఇంతకంటే ఆశపడకూడదు.

భిన్నాలు తలకిందులు కాకుండా ఉండటానికి ఒక అలవాటు చేసుకోండి. అంకెలు వేసేముందే అడగాలి: పీడనం 718 నుంచి 760కి పెరుగుతోంది, నొక్కితే వాయువు పెరుగుతుందా తగ్గుతుందా? తగ్గాలి, కాబట్టి చిన్న అంకె పైన. చల్లబడుతోంది, ఇంకా తగ్గాలి, కాబట్టి మళ్లీ చిన్న అంకె పైన. సూత్రం గుర్తులేకపోయినా ఈ రెండు ప్రశ్నలతో లెక్క గట్టెక్కుతుంది.

అవే రీడింగులతో తప్పులు ఎలా కనిపిస్తాయో చూడండి. ఆవిరి తియ్యకపోతే 23.2 వస్తుంది. 3.6 కలపకపోతే 20.1. సెల్సియస్‌ను కెల్విన్‌కు మార్చకుండా 0ను 31తో భాగిస్తే వాయువు మాయమై సున్నా వస్తుంది. ఒకటి మార్చి ఒకటి మరిచి 273ను 31తో భాగిస్తే 38 మిల్లీలీటర్లు కాస్తా చల్లబడి 300 దాటుతుంది. ఈ చివరి రెండూ నిజానికి మంచి తప్పులు, ఎందుకంటే కంటికి తెలుస్తాయి. 23.2 తెలియదు. “దగ్గరగానే ఉంది కదా” అనిపిస్తుంది. ఇంకో రకం ఉంది: ఆవిరి తియ్యడమూ మరిచి, రిబ్బనూ రుద్దకపోతే ఒకటి పెంచి ఒకటి తగ్గించి 22.4 పలుకుతుంది. సరిగ్గా 22.41 వచ్చిన రికార్డు నా బల్ల మీదికొస్తే ముందు చూసేది రీడింగుల పేజీలో కొట్టివేతలున్నాయా అని. లేకపోతే అది వెనకనుంచి ముందుకు రాసిన లెక్కే.

ఈ 22.4 కూడా శాశ్వతమేం కాదు. అది ఒక అట్మాస్ఫియర్ దగ్గరి విలువ. రసాయనశాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయుపాక్ 1982లో ప్రమాణ పీడనాన్ని ఒక బార్‌గా మార్చింది. దాని ప్రకారం 0 డిగ్రీల దగ్గర మోల్ ఘనపరిమాణం 22.7 లీటర్లు. కొన్ని పుస్తకాల్లో పాతది, కొన్నింటిలో కొత్తది ఉండటంతో పిల్లలు తికమకపడతారు. ప్రశ్నలో 1 అట్మాస్ఫియర్ అంటే 22.4, 1 బార్ అంటే 22.7. అలాగే ఆదర్శ వాయు సమీకరణంలో (PV = nRT) వచ్చే స్థిరాంకం ఆర్ విలువ: పీడనం అట్మాస్ఫియర్లలో ఉంటే 0.0821, బార్లలో ఉంటే 0.0831, మిల్లీమీటర్ల పాదరసంలో ఉంటే 62.36, అన్నీ లీటర్లతోనే. మిల్లీలీటర్లు వేసి 0.0821 వాడితే వెయ్యి రెట్లు తేడా. ప్రమాణాలు అంకె పక్కనే రాసుకుంటూ పోతే ఇది జరగదు.

ఇక బాయిల్ నియమం: ఉష్ణోగ్రత మారకపోతే పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది మారదు. దీన్ని చూపడానికి సిరంజి మీద పుస్తకాలు పేర్చే పద్ధతి నాకు నచ్చదు. రబ్బరు పిస్టన్ గోడకు పట్టేస్తుంది. బరువు పెట్టినప్పుడు ఒక అంకె, తీస్తున్నప్పుడు ఇంకో అంకె. దానికంటే డయల్ రకం బీపీ మీటరు మేలు. చేతికి చుట్టే పట్టీ, రబ్బరు బల్బు తీసేసి, డయల్ గొట్టాన్ని 60 మిల్లీలీటర్ల సిరంజి మూతికి తొడిగితే చాలు. పిస్టన్ ఎంత గట్టిగా పట్టేసినా డయల్ చూపించేది లోపలి పీడనమే. డయల్ సున్నా అంటే పీడనం లేదని కాదు, లోపలా బయటా సమానమని. ప్రతి రీడింగుకూ ఆరోజు గాలి పీడనం కలపాలి. ఇది మరిచిపోతే మొదటి వరసలోనే 60ని సున్నాతో గుణించి కూర్చుంటారు.

అదే 752 రోజున 60 దగ్గర డయల్ 0, 55 దగ్గర 62, 50 దగ్గర 134, 45 దగ్గర 222. గాలి పీడనం కలిపి పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వరసగా 45,120, 44,770, 44,300, 43,830. స్థిరంగా ఉండాల్సింది దిగుతూ పోతోంది. బాయిల్ 1662లో చెప్పింది తప్పు కాదు. దోషి రబ్బరు గొట్టంలో, డయల్ డబ్బాలో ఉన్న గాలి. సిరంజి మీద అంకె 50 అన్నా నొక్కుకుపోతున్న గాలి అంతకంటే ఎక్కువ. ఆ అదనాన్ని కనుక్కోవడం తేలిక: గుణకారాల మధ్య తేడాను పీడనాల మధ్య తేడాతో భాగిస్తే చాలు. 350 ÷ 62 అయితే 5.6, 820 ÷ 134 అయితే 6.1, 1290 ÷ 222 అయితే 5.8. సుమారు 6 మిల్లీలీటర్లు. ప్రతి ఘనపరిమాణానికీ 6 కలిపి మళ్లీ గుణించి చూడండి, నాలుగూ 49,600 దగ్గర ఒక శాతం లోపు తేడాతో కూర్చుంటాయి. గ్రాఫు గీసేవాళ్లు పీడనం విలోమాన్ని అడ్డంగా, ఘనపరిమాణాన్ని నిలువుగా పెడితే సరళరేఖ మూలబిందువుకు కింద 6 దగ్గర తగులుతుంది. చాలామంది ఆ రేఖను స్కేలుతో బలవంతంగా మూలబిందువు గుండా లాగేస్తారు. అసలు సమాచారమంతా అక్కడే పోతుంది.

నొక్కిన వెంటనే ముల్లు కొంచెం ఎక్కువకు పోయి తర్వాత దిగుతుంది. నొక్కుడుకు గాలి వేడెక్కడం వల్ల అది. కారడం వల్ల కూడా దిగొచ్చు. రెంటికీ తేడా తెలియాలంటే పిస్టన్‌ను మళ్లీ 60కి లాగండి. ముల్లు సున్నాకు వస్తే వేడి. సున్నాకు కిందికి పోవాలని చూస్తే కారింది.

ఈ లెక్కలు ల్యాబులోనే ఉండిపోనక్కర్లేదు. మన పక్క రొయ్య సీడు సంచుల్లో ఆక్సిజన్ పట్టి పంపుతారు కదా. పెద్ద సిలిండర్ లోపలి ఘనపరిమాణం 46.7 లీటర్లు, నింపినప్పుడు 150 బార్లు. బాయిల్ ప్రకారం బయటికొస్తే 7,000 లీటర్లు. సంచికి 8 లీటర్లు పడుతుందనుకుంటే 875 సంచులు అని లెక్కేస్తారు. చివరి 46.7 లీటర్లు సిలిండర్‌లోనే ఉండిపోతుంది, ఎందుకంటే లోపలా బయటా సమానమయ్యాక ఏదీ బయటికి రాదు. కాబట్టి 869. నిజానికి 150 బార్ల దగ్గర ఆక్సిజన్ ఆదర్శ వాయువులా ఉండదు, లెక్కకంటే అయిదు శాతం దాకా ఎక్కువే పడుతుంది. సంచి సంచికీ మూతి దగ్గర పోయేదానికి ఆ మిగులు సరిపోతుందో లేదో అది పట్టేవాడి చేతి ఒడుపును బట్టి ఉంటుంది. ఎండలో పెట్టిన సిలిండర్ 27 డిగ్రీల నుంచి 47కి వేడెక్కితే ముల్లు 150 నుంచి 160కి ఎక్కుతుంది. ఆక్సిజన్ పెరగలేదు.

సంచి లెక్క ఇంకా బాగుంటుంది. 22 డిగ్రీలకు చల్లార్చిన నీళ్లతో 8 లీటర్ల ఆక్సిజన్ పట్టి కట్టారు. దారిలో సంచి 34 డిగ్రీలకు వేడెక్కింది. ఛార్లెస్ నియమం ఒక్కటే వేస్తే 8 × 307 ÷ 295 = 8.33 లీటర్లు, నాలుగు శాతం పెరుగుదల. కానీ సంచిలో నీళ్లున్నాయి. బాష్పపీడనం 19.8 నుంచి 39.9కి ఎక్కుతుంది. ఆక్సిజన్ వాటా 732 నుంచి 712కి దిగుతుంది. రెండూ కలిపితే 8.56 లీటర్లు, ఏడు శాతం. రొయ్య పిల్లలు పీల్చేసేది, నీళ్లలో కరిగేది పక్కన పెట్టి చెబుతున్నాను. బిగుతుగా కట్టిన సంచి రబ్బరు బ్యాండు దగ్గర ఎందుకు ఊడుతుందో సగం కారణం ఈ ఆవిరిలో ఉంది.

వాయు నియమాలు ఎక్కడ వెయ్యకూడదో కూడా చెప్పాలి. ఇంట్లో గ్యాస్ బండ. 33.3 లీటర్ల బండలో 14.2 కిలోల గ్యాసు. మొత్తం బ్యూటేన్ అనుకుంటే 245 మోల్‌లు. 30 డిగ్రీల దగ్గర ఆదర్శ వాయు సమీకరణంలో వేస్తే 183 అట్మాస్ఫియర్లు వస్తాయి. అసలు పీడనం అందులో పదోవంతు కూడా ఉండదు, ఎందుకంటే లోపల ఉన్నది చాలామటుకు ద్రవం. సమీకరణం పైన ఉన్న ఆవిరికి మాత్రమే వర్తిస్తుంది. ద్రవం మీద ఆవిరి పీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది గానీ ఎంత ద్రవం మిగిలిందన్న దాన్ని బట్టి ఉండదు. సగం వాడినా పీడనం సగానికి పడదు. అందుకే ఆక్సిజన్ సిలిండర్‌కు మీటరు చూసి ఎంత ఉందో చెప్పినట్టు బండకు చెప్పలేం. దాన్ని కాటా మీద పెట్టి, పైన రాసి ఉండే ఖాళీ బండ బరువు తీసేస్తే మిగిలిందే గ్యాసు.